రామప్ప, లక్నవరం, తాడ్వాయి, బొగత: ఏ వరసలో వెళ్లాలి, ఎలా చూడాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

వానలు మొదలై వారం కాగానే ములుగు జిల్లా గురించి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది: "అన్నా, పొద్దున హన్మకొండలో బయలుదేరితే ఒక్క రోజులో రామప్ప గుడి, లక్నవరం చెరువు, మేడారం, బొగత జలపాతం అన్నీ అయిపోతయా?"

బండి పోయి రావడానికి ఆ రోజు సరిపోతుంది. మీరు చూడడానికి సరిపోదు. హన్మకొండ నుంచి బొగత ఒక్కదానికే పోనురాను 260 కిలోమీటర్లు దాటుతుంది. దారిలో రామప్పకు అరగంట, లక్నవరానికి అరగంట ఇచ్చి పరుగెత్తితే ఫోన్ నిండా ఫోటోలుంటాయి కానీ ఏ శిల్పం ఎక్కడ ఉందో గుర్తుండదు. పైగా చీకటి పడ్డాక అడవి దారిలో టెన్షన్. అందుకే ఈసారి మొత్తం వరసగా రాస్తున్నాను.

## 1. ముందు రోజులు లెక్కేసుకోండి

నేను పాటించే లెక్క ఒక్కటే: రోజుకు ఒక గుడి, ఒక నీరు. అంటే ఒక చారిత్రక కట్టడం, ఒక చెరువో జలపాతమో. మూడోది దారిలో తగిలితే సరే, దాని కోసం గడియారం చూసుకోవద్దు.

ఒక్క రోజే ఉంటే: పొద్దున రామప్ప, మధ్యాహ్నం తర్వాత లక్నవరం, చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం. బొగత గురించి ఆ రోజు మర్చిపోండి.

రెండు రోజులుంటే: మొదటి రోజు పైన చెప్పినట్టే. రాత్రి లక్నవరంలోనో తాడ్వాయిలోనో బస. రెండో రోజు తాడ్వాయి అడవి, మేడారం, ఏటూరునాగారం మీదుగా బొగత.

మూడు రోజులుంటే: మొదటి రోజు వరంగల్‌లోనే ఉండండి. పొద్దున వేయిస్తంభాల గుడి, సాయంత్రం ఖిలా వరంగల్. విడదీసిన వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. ఏళ్లకేళ్లు మూతపడ్డ మండపం కాబట్టి, గతంలో ఆ గుడికి వెళ్లినవాళ్లు కూడా ఇంకోసారి చూడాల్సిందే. కోటలో నాలుగు తోరణాల మధ్య నేలంతా శిల్పాల ముక్కలే. వాటిపై కూర్చోకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి.

లక్నవరం కాటేజీలైనా, తాడ్వాయి హట్స్ అయినా శని, ఆదివారాలకు ముందే నిండిపోతాయి. గది ఖాయమయ్యాకే మిగతా ప్లాన్ వేసుకోండి. ఒకసారి ఫోన్‌లో "ఉంది, రండి" అన్న మాట నమ్మి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి, రాత్రి తొమ్మిదింటికి ములుగు దాకా వెనక్కి వచ్చాను. అప్పటినుంచి రసీదు చేతికి రానిదే బయలుదేరను.

## 2. ఏ నెలలో వెళ్లాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికీ మంచి కాలం. చెరువుల్లో నీళ్లుంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, రాయి చల్లగా ఉంటుంది.

జూలై నుంచి అక్టోబర్ దాకా బొగత కాలం. జలపాతం నిండుగా ఉండేది అప్పుడే, ప్రమాదమూ అప్పుడే. ఎండాకాలంలో వెళ్తే రామప్ప ఒక్కటీ పెట్టుకోండి, అదీ పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. ఏప్రిల్‌లో ఒకసారి మా అమ్మను తీసుకెళ్లి పన్నెండింటికి చేరాం. చెప్పులు విడిచి వేదిక మీద నాలుగడుగులు వేసిందో లేదో, నీడ కోసం పరుగెత్తింది. ఇంటికి వచ్చాక చూస్తే అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. రాయి అంత వేడెక్కుతుందని నాకు తెలిసి కూడా ఆలస్యం చేశాను.

కొన్ని రోజులు తప్పించుకోవాలి:

- మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. జాతర కోసమే వెళ్తే వేరే సంగతి. అడవి, రామప్ప చూడాలనుకుంటే జాతరకు ముందు, తర్వాత కూడా కొన్ని వారాలు ఆగండి. ములుగు నుంచి దారంతా జాతర బండ్లే ఉంటాయి.
- మహాశివరాత్రి, కార్తీక సోమవారాలు రామప్పలో భక్తులవి. దర్శనానికి రండి, శిల్పాలు చూడడానికి ఇంకో రోజు పెట్టుకోండి.
- వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు ఏ కారణం ఉన్నా బయలుదేరొద్దు. 2023 జూలై చివర్లో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ రోజు ఏ వాగు ఎటు పొంగిందో ఊళ్లవాళ్లకే అంతుపట్టలేదు.

## 3. ముందు రోజు రాత్రి సర్దుకోవాల్సినవి

- మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఇంటి నుంచి తెచ్చిన సీసాల్లో. అడవిలో ప్లాస్టిక్ సీసా కొనే అవసరం రాకూడదు.
- మధ్యాహ్నానికి సద్ది. పులిహోర, పెరుగన్నం లాంటివి స్టీలు డబ్బాల్లో. అడవికి ముందు వచ్చే పస్రా ఊరు దాటాక మీకు నచ్చిన వేళకు నచ్చిన హోటల్ దొరకదు.
- చెత్త వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి.
- నగదు, కొంత చిల్లర. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు.
- ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్. పస్రాకు, ఏటూరునాగారానికి మధ్య చాలాచోట్ల సిగ్నల్ పోతుంది.
- టార్చిలైటు, బండికి స్టెప్నీ, జాకీ. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకోండి.
- సులువుగా విప్పి తొడుక్కునే చెప్పులు గుడికి, పట్టున్న బూట్లు జలపాతానికి. రెండు జతలూ కావాలి.
- రోజూ వేసుకునే మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు.
- ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చిన చీటీ.

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. సిగ్నల్ లేనిచోట మీరు చిక్కుకుంటే మీ కోసం వెతకడం మొదలయ్యేది ఆ చీటీతోనే.

## 4. దారి, బయలుదేరే వేళ

హన్మకొండలో ఐదున్నరకు బండెక్కండి. భూపాలపట్నం వైపు వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీదనే ఈ ప్రయాణమంతా. ములుగుకు కాస్త ముందు గట్టమ్మ గుడి వస్తుంది. ఇటు వెళ్లే బండ్లన్నీ అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి కదులుతాయి. మీరూ ఆగండి, కానీ కోతులకు కొబ్బరి ముక్కలు వేయకండి. రోడ్డు పక్క తిండికి అలవాటు పడ్డ కోతి బండి శబ్దం వినగానే అడ్డంగా ఉరుకుతుంది. చచ్చేది అదే.

ములుగులో పెట్రోలు ఫుల్ చేయించండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర తిరిగితే రామప్ప గుడి ఉన్న పాలంపేట. మొత్తం 65 నుంచి 70 కిలోమీటర్లు. ఏడున్నరకల్లా గుడి ముందుంటారు.

బస్సులో వెళ్లేవాళ్లు హన్మకొండ బస్టాండులో ములుగు, ఏటూరునాగారం వైపు బస్సెక్కి జంగాలపల్లి క్రాస్‌లో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకోవచ్చు. పోనురాను, వెయిటింగ్ కలిపి ముందే ధర తేల్చుకోండి. కనీసం మూడు గంటలు ఆగాలని అప్పుడే చెప్పండి. లేకపోతే గంట కాగానే ఆటో అన్న హారన్ కొడుతుంటాడు, మీకు చూడబుద్ధి కాదు.

## 5. రామప్ప: ఈ మూడు గంటలు ఎలా గడపాలి

ఈ ప్రయాణంలో నేను ఎక్కువ సమయం ఇవ్వమనేది ఇక్కడే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇంత తెలిస్తే చాలు, మిగతాది రాయే చెప్తుంది.

మొదట బయట. లోపలికి ఉరకొద్దు. గుడి తూర్పుముఖం, పొద్దుటి ఎండ నేరుగా ముందు భాగం మీద పడుతుంది. ఆ వెలుగు ఉన్నప్పుడే గుడి చుట్టూ ఎత్తైన వేదిక మీద ఒక ప్రదక్షిణ చేయండి. నక్షత్రంలా మూలలు తిరిగిన ఆ వేదిక మీద నడుస్తూ మొదట కింది వరస చూడండి, అక్కడ ఏనుగులు బారులు తీరి ఉంటాయి. రెండో చుట్టులో తలెత్తి చూడండి.

తర్వాత మదనికలు. మూడు ద్వారాల దగ్గర, చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి నాట్యగత్తెలు. మొత్తం పన్నెండు. ఒక్కొక్కరి దగ్గర ఐదు నిమిషాలైనా ఆగండి. ఒకరి కాళ్లకు ఎత్తుమడమల పాదరక్షలు కనిపిస్తాయి. మెడలో హారం చూడండి: పూసకూ పూసకూ మధ్య సందు తొలిచి ఉంటుంది, పక్కనుంచి వెలుగు పడితే ఆ హారం నీడ ఆమె ఎద మీదే పడుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ నీడ దగ్గరే ఆగిపోతాను. పన్నెండింటికి వెళ్తే ఎండ నడినెత్తికి వస్తుంది, ఆ నీడ కనిపించదు. పొద్దున్నే రమ్మని నేను పోరేది దీనికే.

ఆ తర్వాత రంగమండపం. లోపల చీకటిగా ఉంటుంది. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. అప్పుడు స్తంభాల మీది చెక్కడం, పైకప్పు పద్మం ఒక్కొక్కటే బయటపడతాయి. గర్భగుడి వాకిలి పక్కన పొన్నచెట్టు కింద వేణువూదే కృష్ణుడున్నాడు. ఆ రాతిని మీటితే స్వరాలు పలుకుతాయని ప్రతి గైడూ చెప్తాడు. మీరు మీటి చూడకండి. రోజూ వందలమంది గోటితో, ఉంగరంతో కొడితే ఆ సన్నటి రాయి ఎన్నేళ్లు నిలుస్తుంది?

దర్శనం. రామలింగేశ్వరుడికి నిత్యం పూజ జరుగుతుంది. గర్భగుడిలో ఫోన్ జేబులో పెట్టుకోండి. పూజకు వచ్చినవాళ్లకు దారి ఇవ్వండి.

చివరగా నంది, పైకప్పు. నంది ఎదుట ఏ పక్క నిలబడినా మీ వైపే చూస్తున్నట్టుంటుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం వైపు చూడండి. పైనున్నది నీళ్లలో తేలేంత తేలికైన ఇటుక, గుడి కింద ఉన్నది ఇసుకతో నింపిన పునాది. పైన బరువు తగ్గించి, కింద కుదుపు తట్టుకునేలా చేశారన్నమాట. నేల బండలు అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగా ఉన్నా గుడి నిలబడే ఉంది.

గైడును తీసుకోవాలా అని అడుగుతుంటారు. తీసుకోండి, ధర ముందే అడగండి. కానీ మొదటి ప్రదక్షిణ మీరొక్కరే చేయండి.

ఇక్కడ చేయకూడనివి:

- శిల్పాలను తాకడం, ఆనుకుని ఫోటో దిగడం. చేతి చెమట, నూనె పట్టి రాయి నల్లగా నిగనిగలాడుతుంది, గీతల పదును పోతుంది. నడుం ఎత్తులో ఉన్న బొమ్మలను, అందని ఎత్తులో ఉన్నవాటిని పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.
- స్తంభాలకు, విగ్రహాలకు పసుపు, కుంకుమ రాయడం, సందుల్లో రూపాయి బిళ్లలు గుచ్చడం. భక్తి చూపాలనుకుంటే పూజారి చేతికివ్వండి.
- అనుమతి లేకుండా డ్రోన్, ట్రైపాడ్ వాడడం.
- పేర్లు గీకడం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బయటికి వచ్చాక రామప్ప చెరువు కట్ట మీదికి వెళ్లండి. సద్ది విప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. తిన్నాక మెతుకులు, ఆకులు కూడా సంచిలోకే.

## 6. లక్నవరం

మళ్లీ జాతీయ రహదారి ఎక్కి గోవిందరావుపేట మండలం బుస్సాపూర్ దగ్గర లోపలికి తిరగాలి. మూడు గంటలకు చేరితే ఎండ తగ్గుతుంది.

వేలాడే వంతెన మీద గుంపుగా ఊపడం, మధ్యలో ఆగి రీల్స్ చేయడం వద్దు. బోటు ఎక్కితే లైఫ్‌జాకెట్ బకిల్ పెట్టుకునే ఎక్కండి, భుజాన వేలాడేసుకుంటే నీళ్లలో అది పనికిరాదు. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్న రోజుల్లో కింద నీళ్లలో దిగొద్దు. పాచి పట్టిన రాయి, దాని మీద పారే నీరు మనిషిని నిలువనివ్వవు.

ఐదున్నరకు తిరుగు ముఖం పట్టండి.

## 7. తాడ్వాయి అడవిలో

పస్రా దాటితే ఏటూరునాగారం అభయారణ్యం. 1950లలోనే రక్షిత ప్రాంతమైంది. రోడ్డు మాత్రం మామూలు రోడ్డులాగే ఉంటుంది కాబట్టి అడవి లోపల ఉన్నామన్న సంగతి మర్చిపోతాం.

వరస ఇది. చెక్‌పోస్టులో ఆపితే బండి దిగి వివరాలు చెప్పండి, రుసుము కడితే రసీదు తీసుకోండి. తర్వాత అద్దాలు దించి, పాటలు ఆపేసి, గంటకు 40 దాటకుండా నడపండి. ఏ జంతువైనా కనిపిస్తే హారన్ కొట్టకుండా ఆగండి, అది దాటాక కదలండి. రోడ్డు వదిలి అడవిలోకి నడవద్దు.

ఫిబ్రవరి నుంచి మే వరకు ఆకు రాలి ఎండి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. వంట చేసుకుంటామని రాళ్లు పేర్చి పొయ్యి పెట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఈ అడవికి ఇప్పటికే పెద్ద దెబ్బ తగిలింది: 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలికి సుమారు 200 హెక్టార్లలో వేలకు వేలు చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి.

దామరవాయి దగ్గరి పెద్దరాళ్ల సమాధులు చూడాలనుకుంటే తెలిసిన స్థానికుడు తోడు లేకుండా వెళ్లొద్దు. మనుషులను పాతిపెట్టిన ప్రాచీన గూళ్లవి. లోపల దూరి కూర్చుని ఫోటోలు దిగడం తప్పు.

మేడారం కోయల ఇలవేల్పుల చోటు. దేవతల గద్దెల దగ్గర వాళ్ల పద్ధతే మన పద్ధతి. అక్కడ మొక్కుగా ఇచ్చే బంగారం అంటే బెల్లం. ఊళ్లలో ఇళ్లను, మనుషులను అడగకుండా ఫోటో తీయకండి.

సఫారీ ఉంటుందా అని అడిగేవాళ్లకు: పులుల అభయారణ్యం సఫారీ కావాలంటే అది మంచిర్యాల జిల్లా జన్నారంలో, కవ్వాల్‌లో. అది వేరే ప్రయాణం, వానాకాలంలో ఉండదు.

## 8. బొగత: నీళ్ల దగ్గర పాటించాల్సిన వరస

ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన మీదుగా వాజేడు మండలంలోకి వెళ్లాలి.

1. ఏటూరునాగారంలో ఆగి, జలపాతం తెరిచి ఉందా అని అడగండి. ఉధృతి ఎక్కువైతే అటవీ శాఖ మూసేస్తుంది. మూసి ఉంటే పక్కదారి చూపిస్తామనేవాళ్ల వెంట వెళ్లొద్దు.
2. టికెట్ తీసుకుని, హెచ్చరిక బోర్డు చదివి లోపలికి వెళ్లండి.
3. కంచె ఎక్కడుంటే అక్కడే ఆగండి. నీళ్లలోకి దిగొద్దంటే దిగొద్దనే.
4. నీటి రంగు గమనిస్తూ ఉండండి. తేటగా ఉన్న నీరు ఒక్కసారిగా ఎర్రబారినా, కట్టెలు కొట్టుకొస్తున్నా వెంటనే పైకి వచ్చేయండి. పైన గుట్టల్లో వాన పడితే మీ నెత్తిమీద చుక్క పడకుండానే ఇక్కడ వరద వస్తుంది.
5. నాలుగింటికి అక్కడి నుంచి కదలండి.

అనుమతి లేని జలపాతాల సంగతి ఒకటి చెప్పాలి. 2023 జూలైలో వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార చూడబోయి సుమారు 80 మంది తిరుగు దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. రాత్రి పూట జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్డీఆర్ఎఫ్) వాళ్లు వెళ్లి బయటికి తెచ్చారు. వెళ్లేటప్పుడు మోకాలి లోతున్న వాగు తిరిగి వచ్చేటప్పుడు అలాగే ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే కారు, బైకు, నడక, ఏదీ వద్దు. ముందు వెళ్లిన బండి దాటిందని మీరూ దిగొద్దు. ఆ ఒడ్డునే ఆగండి. ఒక రాత్రి బండిలో పడుకోవాల్సి వచ్చినా పడుకోండి.

## 9. జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

ఆలస్యంగా బయలుదేరారు, రామప్పకే పదకొండయింది. లక్నవరం వదిలేయండి. మండపం లోపల చూసి, చెరువు కట్ట నీడలో ఆగి, నాలుగు తర్వాత పడమటి ఎండలో గుడి వెనుక భాగం మళ్లీ చూడండి.

బొగత మూసేశారు. వచ్చిన దారినే తాడ్వాయి, లక్నవరం వైపు మళ్లండి.

అడవిలో పంక్చరయింది. బండి పూర్తిగా రోడ్డు పక్కకు తీసి, ఇండికేటర్లు వేసి, అందరూ ఒకేచోట ఉండి స్టెప్నీ మార్చండి. సిగ్నల్ లేకపోతే వచ్చే బస్సును ఆపండి. ఈ దారిలో డ్రైవర్లు ఆగుతారు.

ఎవరికైనా దెబ్బ తగిలింది. 108కి, లేదా 112కి చేయండి. దగ్గరి ఊరి పేరు, మీరు దాటిన కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి. అందుకే ప్రయాణంలో కిలోమీటరు రాళ్లను చూస్తూ ఉండండి.

పిల్లలకు విసుగొచ్చింది. ఏనుగుల వరస లెక్కపెట్టమనండి. మా చిన్నోడు రెండు మూలలు తిరిగేసరికి లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

## 10. తిరిగి వచ్చే ముందు

బండి కదిలించే ముందు కూర్చున్న చోటు ఒకసారి తిరిగి చూడండి. సంచిలో ఇవన్నీ ఉన్నాయా:

- మీరు తెచ్చిన కవర్లు, గ్లాసులు, పేపర్ ప్లేట్లు
- పిల్లల చాక్లెట్ కాగితాలు, కుర్‌కురే పొట్లాలు
- పక్కన ఎవరో వదిలేసిన ఒకటి రెండు సీసాలు, చేతనైతే

ఆ సంచిని అడవిలోని చెత్తకుండీలో వేయొద్దు. కోతులు లాగి పరుస్తాయి. ములుగు దాకా, కుదిరితే ఇంటిదాకా తెచ్చుకోండి.

గుడిలో కొత్తగా విరిగిన రాయి, కొత్తగా గీకిన పేరు కనిపిస్తే ఫోటో తీసి అక్కడున్న పురావస్తు శాఖ సిబ్బందికి చూపించండి. అడవిలో పొగ కనిపిస్తే తర్వాత వచ్చే చెక్‌పోస్టులో ఆగి ఎక్కడ చూశారో చెప్పండి. ఐదు నిమిషాలు పడుతుంది, అయినా ఆగండి.